ఇల్లు అద్దెకివ్వబడును: హైదరాబాదు ఓనర్లకు చిట్కాలు

టులెట్ బోర్డు మీద కులం రాయకండి. ఎవడో ఒకడు ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాడు. ‘ఓన్లీ వెజ్, ఫ్యామిలీస్ ఓన్లీ’ అంటే చాలు, సగం వడపోత గేటు బయటే అయిపోతుంది. మీ ఇంట్లో ఆదివారం మటన్ వండుతారా? ఫరవాలేదు. బోర్డు అద్దెకొచ్చేవాళ్ళ కోసం, మీ కోసం కాదు.

మిగతా సగం నోటితో కానివ్వాలి. ‘మీరేమిట్లు?’ అని మొహం మీదే అడిగే రోజులు పోయాయి. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి ఇంటిపేరు అడగండి. నాలుగు కులాల్లోనూ ఉండే ఇంటిపేరైతే సొంతూరు అడగండి. ‘ఊళ్ళో ఎటువైపండీ? రామాలయం దగ్గరా, చర్చి దగ్గరా?’ మన పెద్దలు ఎంత ముందుచూపుతో వాడల్ని ఊరి చివర పెట్టారో చూడండి, ఇవాళ ఉప్పల్లో మన గేటు దగ్గర పనికొస్తోంది. అప్పటికీ తేలకపోతే ఎంసెట్‌లో ర్యాంకెంత, ఏ కాలేజీలో సీటొచ్చిందీ కనుక్కోండి. ఆ రెండూ తెలిస్తే కేటగిరీ లెక్కకట్టడం తెలుగువాడికి చిటికెలో పని.

ఫోన్లో సలీం అనో ఫాతిమా అనో వినపడితే ఇంత శ్రమ అక్కర్లేదు. ‘అయ్యో, పొద్దున్నే అడ్వాన్స్ ఇచ్చి వెళ్ళారండీ’ అనండి. గొంతులో కాస్త బాధ పలకాలి. బోర్డు మాత్రం తియ్యకండి. ‘టోలిచౌకి, మెహదీపట్నం వైపు చూడండి, మీకు బాగుంటుంది’ అని ఉచిత సలహా కూడా ఇచ్చి పెట్టెయ్యండి. సాయంత్రం పార్కులో నడుస్తూ ‘వాళ్ళంతా ఒక్కచోటే గుంపుగా ఎందుకుంటారో!’ అని ఆశ్చర్యపోవడం మర్చిపోవద్దు. 2020లో మెట్రో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా వచ్చి, మూసీ దాటి పాతబస్తీలోకి పోకుండా ఆగిపోయిందని పక్కాయన గుర్తు చేస్తే, ‘అటువైపు ఎవరెక్కుతారండీ’ అనండి.

చట్టమంటే బెంగ వద్దు. రాజ్యాంగం 15వ అధికరణ దుకాణాలు, హోటళ్ళు, బావులు, స్నానఘట్టాల పేరెత్తింది. మీ పై పోర్షన్ ఊసెత్తలేదు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టమే కొంచెం చిరాకు: అంటరానితనం పాటించి, ఫలానా చోట ఇంట్లో ఉండొద్దని అడ్డుపడితే నేరమట. అందుకే కారణం చెప్పకూడదు. ‘మా అత్తగారు వచ్చి ఉంటానంటున్నారు’ అంటే ఏ కోర్టు మాత్రం ఏం చేస్తుంది? అసోసియేషన్ మీటింగులో ఎవరైనా మరీ వాదిస్తే, 2005లో అహ్మదాబాదు జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసు తియ్యండి. పార్సీలకే సభ్యత్వమన్న నియమాన్ని సుప్రీంకోర్టు కాదనలేదు. మనం పార్సీలం కామన్న సంగతి ఆ గొడవలో ఎవరికీ తట్టదు.

గేటెడ్ కమ్యూనిటీలో అయితే వడపోత ధరే చూసుకుంటుంది. పనివాళ్ళకి వేరే లిఫ్ట్ పెట్టిస్తే సరి. ‘హైజీన్’ అన్నారంటే నోరెత్తేవాడుండడు. ‘మరి చపాతీలు వత్తేదీ ఆ చేతులే కదా’ అని ఏ కాలేజీ పిల్లో అడుగుతుంది. అది ఇవాళ్టి అజెండాలో లేదనండి.

ఇదేదో పాపమని కుమిలిపోకండి. నగరం ఎప్పుడు ఒక్క ముక్కగా ఉంది గనక? నిజాం కొలువులోని అరబ్బు సైనికుల వారసులు బార్కస్‌లో, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల వారసులు ఏసీ గార్డ్స్‌లో, దొరల కంటోన్మెంటేమో హుస్సేన్ సాగర్‌కి అవతల. అప్పట్లో ఊరిని విడగొట్టడానికి నవాబూ, రెసిడెంటూ, ఫిరంగులూ కావాల్సొచ్చాయి. మనకి ఒక అట్టముక్కా, మార్కరూ చాలు.

చివరగా పిల్లల విషయం. డాలస్‌లో మీవాడికి అపార్ట్‌మెంట్ ఖాళీ లేదని చెప్పి, మర్నాడే దాన్ని తెల్లవాళ్ళకిచ్చారనుకోండి. ఊరుకోవద్దని గట్టిగా చెప్పండి. అక్కడ 1968 నుంచి ఫెయిర్ హౌసింగ్ చట్టముంది. రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు లేదనడానికి వీల్లేదు. వెంటనే లాయర్‌ని పట్టుకోమనండి. ఖర్చుకి వెనకాడొద్దు, ఇక్కడి అద్దెల్లోంచి పంపొచ్చు.