ముందొచ్చిన చెవులకు ఒక మార్గదర్శి

నాందేడ్‌లో తెలుగు మాట్లాడే ఇళ్లకు ఎండాకాలం సెలవులంటే హైదరాబాదే. చుట్టాలు అక్కడ, పెళ్లి బట్టలు అక్కడ, పెద్ద దవాఖానా అక్కడ. పిల్లలు వెంట ఉంటే రామోజీ ఫిల్మ్ సిటీ తప్పదు. వెళ్లిన ప్రతి గుంపులోనూ ఒక పెద్దమనిషి ఉంటాడు. వరుస కనబడగానే నడుం మీద చేతులు పెట్టుకుని ఎత్తుకుంటాడు: "గప్పుడు జూడాలె ఫిల్మ్ సిటీని. ఇప్పుడేమున్నది, జనం తప్ప!"

ఈ మాట విని విని చెవులు చిల్లులు పడ్డాయి. అసలు చిక్కేమిటంటే, అదే మాట నా నాలుక చివర కూడా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఎవరం మానేటట్టు లేము. కనీసం పద్ధతి ప్రకారం చేద్దామని ఈ సూచనలు. వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు గానీ, చెవులు ముందొచ్చాయన్న సంగతి కొమ్ములకు ఎవరో ఒకరు గుర్తుచేస్తూ ఉండాలి కదా.

1. రైల్లోనే మొదలుపెట్టాలి

గేటు దగ్గర మొదలుపెడితే ఆలస్యమైనట్టే. దేవగిరి ఎక్స్‌ప్రెస్ ముద్‌ఖేడ్ దాటకముందే "ఇదీ ఒక ప్రయాణమేనా" అని నిట్టూర్చాలి. ధర్మాబాద్ వచ్చేసరికి మీటర్ గేజ్ బండ్ల కథ ఎత్తుకోవాలి. ఫిల్మ్ సిటీకీ మీటర్ గేజ్‌కీ ఏం సంబంధమని ఎవరూ అడగరు. అడగగలిగిన వయసు వాళ్లు ఫోన్ చూసుకుంటూ ఉంటారు. బాసర దాటి బండి గోదావరి వంతెన ఎక్కగానే పిల్లలు రూపాయి బిళ్లలు విసురుతారు. విసరనిచ్చి, "గప్పుడు నీళ్లెట్లుండె!" అనాలి. సికింద్రాబాద్‌లో దిగేసరికి వాళ్ల ఉత్సాహం సగానికి రావాలి. మిగతా సగం సంగతి గేటు దగ్గర చూసుకోవచ్చు.

2. మెట్టు తెలుసుకుని మాట్లాడాలి

ఫిల్మ్ సిటీ మొదలైంది 1996లో. ఆ అంకెను గట్టిగా పట్టుకోవాలి, మన హోదా లెక్కంతా అక్కణ్నుంచే. 2015లో 'బాహుబలి' వచ్చాక మాహిష్మతి సెట్టు చూడటానికి మొదటిసారి వచ్చినవాళ్లది అన్నిటికన్నా కింది మెట్టు. వాళ్లతో జాలిగా మాట్లాడాలి. అంతకు పదేళ్ల ముందు వచ్చినవాళ్లది నడిమి మెట్టు. వాళ్లు మనల్ని చూసి కొంచెం జంకుతారు, మనం ఆ జంకును పోగొట్టకూడదు. తొంభైల్లో చూసినవాళ్లది పై మెట్టు. వాళ్లు సంవత్సరం చెప్పరు, "కొత్తగా తెరిచినప్పుడు" అంటారు. ఎదుటివాడు మనకన్నా ముందే చూశాడని తేలితే వెంటనే తోవ మార్చాలి: "ఉత్తగ చూసుడేంది, మేము షూటింగే చూసినం." ఆ గుట్టల్లో గొర్లు కాసిన మనిషి ఎవరైనా ఎదురుపడితే మాత్రం ఏమీ అనకుండా చాయ్ తాగడానికి వెళ్లిపోవాలి.

3. గుంపును తిట్టేటప్పుడు అందులో మిమ్మల్ని లెక్కపెట్టుకోవద్దు.

4. ఆల్బమ్‌ను సాక్ష్యంగా తేవాలి

"నమ్మకపోతే చూడు, ఫౌంటెన్ దగ్గర మేము తప్ప ఒక్క పురుగు లేదు!" పాత ఫొటోలో నిజంగానే ఎవరూ ఉండరు. ఎందుకు లేరన్నది మాత్రం బయటపెట్టకూడదు. కెమెరాలో ఒక రీలు, రీలుకు 36 ఫొటోలు, తర్వాత కడిగించే ఖర్చు వేరే. ఒక్క ఫొటో కూడా వేరేవాళ్ల మీద వృథా కావద్దని, బాపు కెమెరా పట్టుకుని ఎడం చెయ్యి ఊపుతూ, "జర జరుగుండ్రి, జర జరుగుండ్రి" అని అవతలివాళ్లను చట్రంలోంచి బయటికి తోలేవాడు. వాళ్లు జరిగేవాళ్లు. తర్వాత వాళ్ల ఫొటో కోసం మనం జరిగేవాళ్లం. ఆ రోజు ఆ ఫౌంటెన్ చుట్టూ ఉన్న ప్రతి కుటుంబం ఇంట్లోనూ ఇప్పుడు ఖాళీ ఫౌంటెన్ ఫొటో ఒకటి ఉండే ఉంటుంది.

ఫిల్మ్ సిటీలో 'మూవీ మ్యాజిక్' అని ఒక ప్రదర్శన ఉంది. ప్రేక్షకుల్లోంచి ఒకమ్మాయిని పిలిచి కదలని టాంగా మీద కూర్చోబెడతారు. బొమ్మ కలిపి, గిట్టల చప్పుడు చేర్చి, టాంగా దౌడు తీస్తున్నట్టు తెర మీద చూపిస్తారు. మనం చప్పట్లు కొట్టి, "అబ్బ, ఎంత మోసం!" అని మురిసిపోతాం. ఇంటికొచ్చి అదే విద్య సొంత ఆల్బమ్ మీద చూపిస్తాం. ఇప్పటి ఫోన్లలో ఎన్ని ఫొటోలైనా పడతాయి, ఎవరినీ జరగమనే అవసరం లేదు, జనం చట్రంలోనే ఉండిపోతున్నారు. జనం పెరిగిన మాట నిజమే. ఫొటోల్లో పెరిగినంత మాత్రం నేల మీద పెరగలేదని నా అనుమానం.

5. 'అసలు' సెట్టు ఏదని నిలదీయాలి

గిన్నిస్ పుస్తకం 1,666 ఎకరాలని రాసుకున్న స్థలంలో, మీరు అప్పుడు కూర్చున్న అరుగు ఉందా లేదా అన్నది అతి ముఖ్యమైన విషయం. లేకపోతే "అసలుదంతా తీసేసిండ్రు" అని గట్టిగా అనాలి. ఆ అరుగు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసిందనీ, సినిమా అయిపోగానే తీసేయడానికే కట్టారనీ, ముందు నుంచి చూస్తే ఒక భవనం, పక్క నుంచి చూస్తే ఇంకో భవనం కనబడటమే అక్కడి గొప్పతనమనీ పక్కవాళ్లు చెప్పబోతారు. చెప్పనివ్వకూడదు. నకిలీలోనూ మన కాలపు నకిలీ వేరు.

6. పూరీలు, ఆలుగడ్డ కూర, చివ్డా కట్టుకుని పోయిన రోజుల గురించి తప్పక చెప్పాలి. పూరీలు కామారెడ్డి రాకముందే అయిపోయాయని చెప్పనక్కర్లేదు.

7. హైదరాబాద్ మనదేనన్నట్టు ఉండాలి

ఇది నాందేడ్ వాళ్లకు ప్రత్యేకం, మిగతావాళ్లు దాటేయవచ్చు. ఉప్పల్‌లో పుట్టి పెరిగిన మేనల్లుడు వెంట వస్తాడు. వాడికి మెట్రో స్టేషన్లన్నీ వరుసగా నోటికి వచ్చు. మనకు అమీర్‌పేటలో ఏ మెట్లు ఎక్కాలో తెలియదు. వాడు మన చెయ్యి పట్టుకుని బండి మారుస్తాడు. పట్టపగలు, నలుగురిలో. అటువంటివాడి ముందు మనకు మిగిలిన ఆయుధం ఒక్కటే: వాడు పుట్టకముందటి హైదరాబాద్. "నీకేం తెల్సురా, మేమొచ్చినప్పుడు హయత్‌నగర్ దాటితే దీపం లేకుండె." వాడి నోరు మూతపడుతుంది. ఆ ఒక్క నిమిషం మనం హైదరాబాదీలం, వాడు పొరుగూరు పోరడు.

ఈ రోగం ఫిల్మ్ సిటీతో మొదలైంది కాదు. నాందేడ్ హైదరాబాద్ రాష్ట్రంలో జిల్లాగా ఉండేది. 1956 నవంబర్ 1న ఔరంగాబాద్, బీడ్, పర్భణీ, ఉస్మానాబాద్‌లతో పాటు బొంబాయి రాష్ట్రంలో కలిసింది. 1960 మే 1 నుంచి మహారాష్ట్ర. సరిహద్దు ఒక్కరోజులో మారింది. పెళ్లి సంబంధాలు, చేబదుళ్లు, దవాఖానా తిప్పలు మాత్రం పాత తోవనే పోతూ వచ్చాయి. బడిలో మరాఠీ, బజార్లో దక్కనీ, ఇంట్లో తెలుగు. రాజధాని ముంబై. రైల్వే చూస్తే 2003లో నాందేడ్‌కు సొంత డివిజన్ వచ్చింది గానీ, దానికీ పెద్ద ఆఫీసు సికింద్రాబాదే. హైదరాబాద్ పోతే మమ్మల్ని మహారాష్ట్రోళ్లంటారు. పుణె పోతే ఆంధ్రావాలే అంటారు.

ఇటువంటివాళ్లకు ఊరి కన్నా ఊరి పాత రోజులు నయం. వాటిలోకి పోవడానికి ఆధార్ కార్డు చూపించక్కర్లేదు, అద్దె కట్టక్కర్లేదు, ఎవరి చెయ్యీ పట్టుకోనక్కర్లేదు. ఫిల్మ్ సిటీ గురించి గొంతు పెంచి మాట్లాడే నాందేడ్ మామయ్య నిజానికి ఫిల్మ్ సిటీ గురించి మాట్లాడటం లేదు. ఈ ఊళ్లో నాకూ ఒక వాటా ఉండేదని పంచాయితీ పెడుతున్నాడు.

మేనల్లుడు ఒకటే అంటాడు: "మామా, నువ్వు ఏడాదికోపారి వస్తవ్. గందుకే నీకు మారినట్టు కొడ్తది. మేము రోజు జూస్తం, మాకేం తెల్వదు." ఈ మాటకు బదులు చెప్పే సూచన ఇంకా తయారు కాలేదు.

8. డిస్నీలాండ్ ఊసు ఎత్తనివ్వకూడదు

"మొదటి రోజుల్లో ప్రశాంతంగా ఉండేది" అనే వాదానికి ప్రపంచంలోనే పెద్ద శత్రువు అది. 1955 జులై 17, ఆదివారం, కాలిఫోర్నియాలో దాని తొలి రోజు. పిలిచినవాళ్లు కాక వేల మంది దొంగ టికెట్లతో లోపలికొచ్చేశారు. ప్లంబర్ల సమ్మె వల్ల తాగునీటి కొళాయిలు చాలా వరకు పనిచేయలేదు. ఎండకు కొత్త తారు మెత్తబడి ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడ్డాయి. ఇదంతా టీవీలో ప్రత్యక్ష ప్రసారం. ఇటువంటి వినోద ఉద్యానాలన్నిటికీ పెద్దన్న లాంటిది పుట్టిన రోజే తొక్కిసలాటలో ఉందని మన ఇంటి కుర్రవాడికి తెలిస్తే మనకే నష్టం. మాట ముంబై వైపు మళ్లించి, "ఎస్సెల్ వరల్డ్ కూడా మూసేసిండ్రు పాపం" అనాలి. పాతవి మూతపడటం మన జాతికి పండగ; ఇక వాటిని ఎవరూ కొత్తగా చూసి మనతో పోటీకి రాలేరు.

9. మీరు కోరిన ఖాళీ నిజంగా వచ్చిన ఏడాదిని తలుచుకోవద్దు

2020లో కరోనాకు ఫిల్మ్ సిటీ మూతపడింది. 2021 ఫిబ్రవరి దాకా సందర్శకులు లేరు. వరుసల్లేవు, గోల లేదు, బస్సులో కిటికీ సీటు కోసం కొట్లాట లేదు. మనం ఇన్నేళ్లుగా అడిగిందంతా దొరికింది. ఆ నెలల్లో మనలో ఎవరూ సంతోషంగా లేరు. మళ్లీ తెరుస్తున్నారంటే అందరికన్నా ముందు ఫోన్లు చేసుకున్నది మనమే, "ఎప్పుడు పోదాం?" అని.

ఇంకో సంగతి ఉంది. అప్పట్లో జనం తక్కువ ఎందుకంటే రాగలిగినవాళ్లు తక్కువ. విజయవాడ రోడ్డు ఇంత వెడల్పు లేదు, అవుటర్ రింగ్ రోడ్డు లేదు, 2018 దాకా ఎల్బీనగర్‌కు మెట్రో లేదు, ఇంటిల్లిపాదికీ టికెట్ కొనే జీతాలు మన వీధిలోనే ఎందరికో లేవు. ఇప్పుడు స్కూలు బస్సులో వచ్చిన పిల్లల్లో సగం మంది తల్లిదండ్రులు అప్పుడు ఈ గేటు దాకా కూడా రాలేనివాళ్లు. అప్పట్లో ఖాళీగా ఉండేదని మురిసిపోతున్నామంటే, వాళ్లు రానందుకు మురిసిపోతున్నామన్నమాట. దీన్ని వ్యంగ్యంగా రాద్దామని చూశాను, కుదరలేదు.

10. ఇంటికొచ్చాక సాధన మానకూడదు

సెలవులు అయిపోయాయని చతికిలబడవద్దు. నాందేడ్‌లోనే కావలసినంత సరుకు ఉంది. 2008లో ఇక్కడ సిక్కుల 'గురుతా గద్దీ' 300 ఏళ్ల ఉత్సవాలు జరిగాయి. వాటి కోసం రోడ్లు వెడల్పయ్యాయి, ఊరి రూపు మారింది. కాబట్టి హజూర్ సాహిబ్ గురుద్వారా లంగర్‌లో పక్కన కూర్చున్న పంజాబ్ యాత్రికుడికి, "మీరు 2008కి ముందు రావాల్సింది" అని హిందీలో చెప్పవచ్చు. ఆయన ఎంతో దూరం నుంచి జీవితంలో మొదటిసారి వచ్చి ఉంటాడు. మర్యాదగా తలూపి, ఇంకో రోటీ వేయించుకుంటాడు. నిరుత్సాహపడవద్దు. సాయంత్రం గోబింద్ బాగ్‌లో లేజర్ షో ఉంటుంది, అక్కడ ఇంకో యాత్రికుడు దొరుకుతాడు.

11. ఇంత చేసినా ఎవరూ వినకపోతే

అనుభవం చెల్లుబాటయ్యే చోటు ఒకటి మిగిలే ఉంది: దారి చెప్పడం. వరుసలో మీ వెనక నిలబడ్డ ఆదిలాబాద్ కుటుంబం కొత్తగా వచ్చింది. ఏ ప్రదర్శన ముందు చూడాలి, నీడ ఎక్కడ దొరుకుతుంది, చంటిదాన్ని ఎత్తుకుని ఎంత దూరం నడవాలి, వాళ్లకు కావలసింది ఇదీ. 'గప్పుడు' అనే మాట వాడకుండా ఇదంతా చెప్పడం కష్టమే గానీ అసాధ్యం కాదు. కాకపోతే నోరు తెరిచే ముందు ఇప్పటి మ్యాప్ ఒకటి తీసి చూసుకోండి. మీ దగ్గరున్నది తొంభైల నాటి దారి.