హాని లేదు, తాగండి!

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలం కృష్ణపట్నం ఆ మాటను దేశమంతటికీ చూపించింది. నేల ఉసిరి ఏ ఊళ్లో మొలవదు? గుంటగలగర ఏ కాలవ గట్టున ఉండదు? తెల్లజిల్లేడు లేని పోరంబోకు ఎక్కడైనా ఉందా? అయినా కరోనా మందంటే చాలు, వాటి పసరు కోసం జనం అంబులెన్సులు కట్టించుకుని సముద్రపు ఒడ్డుకు పరుగెత్తారు. మన పెరట్లో ఉంటే కలుపు, ఆ ఊరి నాటువైద్యుడు ఆనందయ్య చేతిలో పడితే సంజీవని.

మే 21న వేలమంది వచ్చిపడ్డారు. కరోనా తగ్గించుకోవడానికి వచ్చినవాళ్లు ఒకరి మెడ మీద ఒకరు దగ్గుతూ కరోనా పంచుకోవడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. అలాగని ఆ జనాన్ని నేను వెక్కిరించను. ఆస్పత్రిలో బెడ్డు దొరకక, దొరికినా బిల్లు కట్టలేక వచ్చినవాడికి పైసా అడగని మనిషి దేవుడిలాగే కనిపిస్తాడు. వెక్కిరించాల్సినవాళ్లు ఏసీ గదుల్లో ఉన్నారు.

వాళ్లు పంపిణీ ఆపించి పరిశోధన మొదలుపెట్టారు. జిల్లా బిడ్డ, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు కేంద్రంతో మాట్లాడారు. ఆయుష్ కదిలింది, ఐసీఎంఆర్ పేరు మారుమోగింది. రోట్లో నూరిన పసర్లకు పి, ఎల్, ఎఫ్, కె అని ఇంగ్లీషు ఇనిషియల్స్ వచ్చాయి. ఇనిషియల్ లేనిదే మన ఆఫీసుల్లో ఆకుకైనా గౌరవం ఉండదు కదా! మందు వాడినవాళ్లకు ఫోన్లు చేశారు. ‘‘ఎలా ఉన్నారండీ?’’ ‘‘బాగున్నామండీ.’’ చచ్చినవాడు ఫోన్ ఎత్తడు కాబట్టి ఈ పరీక్షలో బూడిద కలిపిన నీళ్లయినా ఫస్టు క్లాసులో పాసవుతాయి.

మే 31న రాష్ట్ర ప్రభుత్వం తీర్పు వచ్చింది. ఈ మందుతో హాని లేదు. కరోనా తగ్గుతుందనడానికి రుజువూ లేదు. డాక్టరిచ్చిన మందులు మానొద్దు. రోగులు రావద్దు, బంధువుల్ని పంపండి. పి, ఎల్, ఎఫ్ ఇచ్చుకోవచ్చు, ఆనందయ్య కంట్లో వేసే చుక్కల సంగతి తర్వాత. పనిచేస్తుందని చెప్పలేం గానీ తీసుకెళ్లండి అన్నమాట. మంచినీళ్లక్కూడా ఇంతకంటే మర్యాదైన సర్టిఫికెట్ ఇవ్వలేం. ఇక టీవీల్లో ఒకటే కేక: ఆనందయ్య మందుకు గ్రీన్ సిగ్నల్!

ఈ గోలలో అన్యాయమైపోయింది నేల ఉసిరి. కామెర్లొస్తే మనవాళ్లు దీన్ని వేళ్లతో సహా పీకి, నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున పోస్తారు. ఉప్పూ కారం లేని పథ్యం. కొన్నాళ్లకు కళ్లు తెల్లబడతాయి. కలుషితమైన నీటివల్ల వచ్చే కామెర్లు చాలామందికి పసరు పోయకపోయినా కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరుకు, కష్టం రోగికి. నిజంగా పసరు చేసిన పనేదో తేలాలంటే కొందరికి మందు, కొందరికి ఉత్త గొట్టాలు ఇచ్చి చూడాలి.

చూశారు కూడా. అదీ అమెరికాలో కాదు, మనకు కూతవేటు దూరంలోని మద్రాసులో. ఎస్.పి. త్యాగరాజన్ బృందం, హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బరూచ్ బ్లంబర్గ్‌తో కలిసి, ఆ వైరస్ ఒంట్లో ఉన్నవాళ్లకు 200 మిల్లీగ్రాముల నేల ఉసిరి పొడిని రోజుకు మూడుసార్లు చొప్పున నెలరోజులు ఇచ్చింది. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు మాయమైంది. ఉత్త గొట్టాలు మింగిన 23 మందిలో ఒక్కడికే. 1988లో లాన్సెట్ పత్రిక అచ్చేసింది. తర్వాత థాయ్‌లాండ్‌లో, న్యూజిలాండ్‌లో చూస్తే ఆ ఫలితం రాలేదు. 2011లో కాక్రేన్ సమీక్షకులు ట్రయల్స్ అన్నీ జల్లెడపట్టి నమ్మదగ్గ రుజువు లేదన్నారు.

మందుసీసాలు అమ్మేవాడు 1988 దగ్గర ఆగిపోతాడు. ఆకులంటే ముక్కు విరిచే పెద్దమనిషికి అసలు 1988 సంగతే తెలియదు. ఏ జాతి మొక్క, ఏ నేలలో మొలిచింది, ఏ కాలంలో కోశారు అన్న ప్రశ్న ఇద్దరికీ పట్టదు. కృష్ణపట్నంలో అయితే ఆ ప్రశ్న మరీ ముఖ్యం. పక్కనే బొగ్గు దిగే రేవు, నేలటూరులో థర్మల్ కేంద్రం.

నేల ఉసిరినైనా విడిగా పరీక్షించొచ్చు. దాంట్లో జిల్లేడు పూలు, మారేడు చిగుళ్లు, జాజికాయ, మిరియాలు, తేనె కలిపేశాక పనిచేసింది ఏదో ఎవడు చెప్పగలడు? జిల్లేడు పాలు కంట్లో పడితే నల్లగుడ్డు చెడుతుందని గొర్రెలు కాసే పిల్లాడికి తెలుసు. కంట్లో వేసే చుక్కలో క్రిములుండకూడదన్నది మాత్రం చదువుకున్నవాళ్లకు గుర్తు రాలేదు. ముళ్లవంకాయ గుజ్జూ తేనే కంట్లో పోయించుకోవడానికి క్యూ కట్టారు.

కరోనా కాలంలో జనం ఎగబడి తాగిన తిప్పతీగది ఇంకో కథ. 2021లోనే ముంబై డాక్టర్లు అది వాడిన ఆరుగురికి లివర్ దెబ్బతిన్నదని రాస్తే, వాళ్లు తిన్నది వేరే తీగేమో చూసుకోండని ఆయుష్ శాఖ జవాబిచ్చింది. కావచ్చు. కానీ రోగం తగ్గినప్పుడు ఆ తీగ ఏ జాతిదని ఎవరూ అడగరేం?

డిసెంబరులో ఒమిక్రాన్‌కూ మందుందని ఆనందయ్య ప్రకటించారు. ఈసారి అడ్డం తిరిగింది హేతువాదులు కాదు, డాక్టర్లూ కాదు, సాక్షాత్తు కృష్ణపట్నం జనం. బయటివాళ్లు ఊరిమీద పడితే మాకు రోగం అంటుకుంటుందని ఆందోళనకు దిగారు. మందు తమ వీధిలోనే ఉండగా వాళ్లకు రోగమంటే అంత భయమేమిటో!