పచ్చ అంకెల జాతకం

స్టీరింగ్ ఎడమకి లాగుతోందా? వీల్ అలైన్‌మెంటు చేయించండి. గతుకుల్లో చేతులు అదురుతున్నాయా? అలైన్‌మెంటే. గుంతలో దిగి లేచిన కారు పక్కనున్న లారీ మీదికి మొగ్గుతోందా? ఇంకేముంది, అలైన్‌మెంటు తప్పింది. విశాఖపట్నంలో కారు యజమానుల సర్వరోగ నివారిణి ఇదొక్కటే. బండిని ర్యాంపు ఎక్కిస్తారు, నాలుగు చక్రాలకీ పలకలు బిగిస్తారు, తెర మీద ఎర్ర అంకెలు పచ్చబడే దాకా కిందనుంచి ఎవరో స్పానర్ తిప్పుతారు. ఆపైన ఒక కాగితం చేతికొస్తుంది. జాతక చక్రం అందుకున్నంత భక్తిగా దాన్ని డాష్‌బోర్డులో దాచుకుని యజమాని షీలానగర్ దగ్గర పోర్టు రోడ్డెక్కుతాడు. గ్రహాలన్నీ అనుకూలంగానే ఉంటాయి. స్టీరింగ్ మాత్రం మొదటి గుంత దగ్గరే ఎదురు తిరుగుతుంది.

జాతకంలో తప్పేమీ లేదు. ఆ అంకెలు నిజమైనవే. కాకపోతే అవి కదలని కారువి, సమతలం మీద నిలబెట్టిన కారువి. పైగా కాగితం మీద టో, క్యాంబర్, క్యాస్టర్ అంటూ బోలెడు కొలతలు అచ్చవుతాయి గానీ, మన వీధుల్లో తిరిగే చిన్న కార్లలో చాలావాటికి స్పానర్‌తో మార్చగలిగేది ఒక్కటే: ముందు చక్రాల టో, అంటే పైనుంచి చూస్తే అవి లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్న లెక్క. వెనక ఇరుసు ఒకే ముక్క, అక్కడ సర్దుబాటుకి చోటే లేదు. మిగతా అంకెలు చూసి ఆనందించడానికి. ఎడమ లాగుడు సంగతి మరీ విడ్డూరం. వాననీరు నిలవకుండా రోడ్డును అంచువైపు నూటికి సుమారు రెండు పాళ్లు వాలుగా వేస్తారు. ఎడమవైపు నడిచే దేశంలో, చేతులు వదిలేస్తే కారు మెల్లగా ఎడమకి జారడం ఆ వాలు చేసే పని. ఎడమ ముందు టైరులో గాలి తగ్గినా అదే జరుగుతుంది. గాలి పట్టించుకుంటే రసీదు రాదు కాబట్టి దాని మీద ఎవరికీ గురి కుదరదు.

గతుకుల రోడ్డు మీద కారును తిప్పేది రోడ్డును తాకి ఉన్న టైరు ముక్క. ఒక్కో చక్రానికి అది అరచేయంత. చక్రం గుంతలోకి దిగుతుంటే ఆ ముక్క మీద బరువు తగ్గుతుంది, అవతలి అంచు ఎక్కుతుంటే ఒక్కసారిగా పెరుగుతుంది. బరువు రెట్టింపైతే టైరు పట్టు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. అందుకే 300 కిలోలకీ 100 కిలోలకీ మధ్య ఊగిసలాడే టైరుకి, నిలకడగా 200 కిలోలు మోసే టైరుకున్నంత పట్టుండదు. ఈ ఊగిసలాటని అణచడమే షాకబ్జర్ పని. నూనె కారిపోయిన షాకబ్జర్ ఉంటే చక్రం గుంత దాటాక కూడా ఎగురుతూనే ఉంటుంది, గాల్లో ఉన్న చక్రాన్ని ఎటు తిప్పినా కారు ఎటూ తిరగదు. ఇంకోటి ఉంది. చక్రం పైకి లేచినప్పుడు దాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ ఒక వంపులో, స్టీరింగ్ నుంచి దాన్ని తిప్పే టై రాడ్ మరో వంపులో కదులుతాయి. ఆ రెండూ పొసగేలా ఇంజనీర్లు తంటాలుపడి అమరుస్తారు. బుష్ చిరిగినా, బాల్ జాయింటు వదులైనా ఆ అమరిక చెదురుతుంది. అప్పుడు డ్రైవరు చెయ్యి కదపకుండానే చక్రం తనంతట తాను కాస్త తిరుగుతుంది. ర్యాంపు మీద నిలబడ్డ కారులో ఇవేవీ జరగవు. వదులు జాయింటు కూడా అక్కడ బుద్ధిగా పచ్చ అంకె చూపించగలదు.

ఈ జాతకాల భక్తులే పెద్ద రిమ్ముల మోజుకీ పోషకులు. 185/65 ఆర్15 టైరు పక్కగోడ ఎత్తు 120 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 205/45 ఆర్17 వేస్తే చక్రం మొత్తం ఎత్తు దాదాపు అంతే ఉంటుంది గానీ పక్కగోడ 92కి పడిపోతుంది. గుంత దెబ్బకి మొదటి స్ప్రింగు ఆ పక్కగోడే. రిమ్ము బయటికి పొడుచుకొచ్చే రకమైతే, చక్రం ఏ కీలు చుట్టూ తిరుగుతుందో దానికి టైరు ఇంకా దూరం జరుగుతుంది. ఒక చక్రం గుంత అంచుకి కొట్టుకున్నప్పుడు ఆ దూరమే స్టీరింగ్‌ని చేతుల్లోంచి గుంజుతుంది. వెడల్పు టైరుకి లారీలు తొక్కిన గాడుల వెంట పోవాలని ఉబలాటం కూడా ఎక్కువే. నున్నటి రేసు ట్రాక్ మీద ఇలాంటి టైరు చురుగ్గా స్పందిస్తుందన్నది నిజం. గాజువాక నుంచి కాన్వెంటు జంక్షన్ దాకా ఆ ట్రాక్ ఏ మలుపులో ఉందో అమ్మినవాళ్లే చూపించాలి.

రోడ్లు బాగుచేస్తే ఇదంతా ఎందుకంటారు. న్యాయమైన మాటే. 2016 నౌకాదళ ఫ్లీట్ రివ్యూకీ 2023 జీ20 సమావేశాలకీ నగరం ఎలా ముస్తాబైందో అందరూ చూశారు (అతిథులు బొగ్గు లారీల వెనక ప్రయాణించరు లెండి). పోర్టు వైపు లెక్క వేరు. రోడ్డుకి జరిగే నష్టం ఇరుసు బరువుకి సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుందని 1958-60లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో లారీలు తిప్పి చేసిన పరీక్షల్లో తేలింది. నాలుగు టైర్ల ఇరుసుకి పరిమితిని కేంద్రం 2018లో 10.2 నుంచి 11.5 టన్నులకి పెంచింది. చిన్న కారు ఇరుసు మోసే బరువుకి ఇది సుమారు ఇరవై రెట్లు; నష్టం లెక్కన లక్షా అరవై వేల రెట్లు. ఎంత బాగుచేసినా ఈ ఊళ్లో గుంతలకి కొరత రాదు.

అలైన్‌మెంటు చేయించాక కారు నేరుగా పోతోంది కదా, టైర్ల అరుగుదల తగ్గుతోంది కదా అన్నది మరో వాదన. టో నిజంగా తప్పినప్పుడు రెండూ నిజమే, చేయించాల్సిందే. కానీ వదులైన టై రాడ్ ఎండ్ మీద సరిచేసిన టో మరుసటి గుంత దాకానే. ముందు గాలి, తర్వాత టైరు పక్కల ఉబ్బు, షాకబ్జర్ మీద నూనె జాడ, జాకీ మీద లేపిన చక్రాన్ని రెండు చేతులతో ఊపి చూడడం, ఆ తర్వాతే అలైన్‌మెంటు. చిక్కల్లా ఏమిటంటే చేత్తో ఊపితే కాగితం రాదు. వదులుందని మెకానిక్ నోటితో చెప్పాలి, యజమాని నమ్మాలి. కొత్త జాయింటు అమ్ముకోవడానికే చెబుతున్నాడని ఆయన అనుమానం. అదే నోటితో ‘ఇంకోసారి అలైన్‌మెంటు పెట్టిద్దాం సార్’ అంటే మాత్రం మారుమాట్లాడకుండా డబ్బు తీసి ఇస్తాడు.