నిప్పు రంగు రాయి: ఒక పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

మా మరదలు హ్యూస్టన్ నుంచి మెక్సికో విహారానికి వెళ్లి, కెరేతరో ఊళ్లో ఫైర్ ఓపల్ ఉంగరం కొని అక్కకి పంపింది. మా ఆవిడ అది వేలికి పెట్టుకుని పెసరట్లు వెయ్యడం మా మామగారి కంట పడింది. ఆయన తెలుగు పండితులుగా రిటైరైన మనిషి. కూతుర్ని నేరుగా మందలించే అలవాటు లేదు. పాలవాడి లెక్కల పుస్తకంలోంచి కాగితం చింపి, ఈ ఆటవెలది రాసి ఫ్రిజ్ మీద అంటించారు. వారం గడిచినా చదివిన నాథుడు లేడు. అందుచేత అల్లుణ్ణయిన నేనే వ్యాఖ్యకు పూనుకున్నాను.

మూలం

నిప్పు రంగు రాయి నీటితో నిండిన
దగుట, పొయ్యి సెగను దాకరాదు;
గట్టు గట్టి గూడు కంసాలి పొదిగినన్
వేలి కన్న మెడకు విలువ హెచ్చు.

ప్రతిపదార్థం

నిప్పు రంగు రాయి = ఫైర్ ఓపల్; నీటితో నిండినది అగుట = ఒంట్లో నీళ్లున్నది కావడం చేత; పొయ్యి సెగను = గ్యాస్ స్టవ్ వేడిని (లక్షణ చేత హెయిర్ డ్రయ్యర్ని, ఇస్త్రీపెట్టెని కూడా); తాకరాదు = తగలకూడదు; కంసాలి = బంగారప్పని చేసే ఆయన; గట్టు గట్టి = చుట్టూ బంగారు అంచు లేపి; గూడు పొదిగినన్ = గూట్లో కూర్చినప్పటికీ; వేలి కన్న = ఉంగరం కంటే; మెడకు = లాకెట్టుకు; విలువ హెచ్చు = శోభ ఎక్కువ, ఆయుర్దాయం కూడా ఎక్కువ.

వ్యాకరణ విశేషం: ద్రుతం మీద ‘తాక’ కాస్తా ‘దాక’ అయింది. పరుషం సరళం కావడం మాటలకే చెల్లింది. రాయి సెగ తగిలితే సరళం కాదు, బీటలు వారుతుంది.

టీక

‘నిప్పు రాయి’ అని ఊరుకోక ‘నిప్పు రంగు రాయి’ అనడంలో కవి జాగ్రత్త చూడాలి. ఇందులో ఉన్నది నిప్పు రంగే, ఒళ్లు మాత్రం నీళ్లది. సిలికా నీటితో కలిసి గట్టిపడ్డ పదార్థం ఇది. బరువులో నూటికి 3 నుంచి 10 పాళ్ల దాకా నీళ్లే ఉండటం మామూలు. రంగు ఇనుము చలవ. దాని ఆక్సైడు అతి సన్నని రేణువులుగా చేరి పసుపు, నారింజ, ఎరుపు ఛాయలిస్తుంది. మెక్సికోలో కెరేతరో, హలీస్కో రాష్ట్రాలు దీనికి పేరు మోసిన చోట్లు. లావా చల్లారి బండ అయ్యాక, దాని బొర్రల్లోకి సిలికా కలిసిన నీళ్లు ఇంకి, నెమ్మదిగా ఈ రాయి కట్టింది. పుట్టినిల్లు అగ్నిపర్వతమే గానీ, పోసి పెంచింది నీళ్లు.

ఇక ‘రాయి’ శబ్దం. ఓపల్ అనే మాట లాటిన్, గ్రీకు భాషల మీదుగా మన సంస్కృత ‘ఉపల’ శబ్దం దాకా పోతుందని పండితుల్లో చాలామంది అంటారు. ఉపలమంటే రాయి. కాబట్టి ‘ఓపల్ రాయి’ అంటే రాయి రాయి, మన ‘నడిసెంటర్’ లాగా. కవిగారు ఓపల్ శబ్దం జోలికే పోక ఈ దోషం తప్పించుకున్నారు.

శంక: నిప్పు అంటే రాయి లోపల ఇంద్రధనుస్సులా ఆడే రంగులు కదా?

సమాధానం: కాదు. మన బజారులో మోసం, అమాయకత్వం రెండూ ఇక్కడే కలుస్తాయి. ఆ ఆట వేరు. కంటికి ఆనని సిలికా గోళీలు సంతలో బత్తాయిల్లా వరసలు కట్టి పేరుకుంటే, వాటి మధ్య వెలుగు విడిపోయి రంగులు పుడతాయి. ఈ సంగతి ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పెట్టి చూసి 1964లో తేల్చారు. మెక్సికో ఫైర్ ఓపల్‌కి ఈ ఆట ఉంటే ఉండొచ్చు, చాలావాటికి ఉండదు. దాని గొప్పంతా ఒంటి రంగు, పారదర్శకత. తేటగా ఉంటుంది కాబట్టే వజ్రంలా పట్టాలు కోస్తారు. రంగులాడే తెల్ల ఓపల్‌ని బోర్లించిన గిన్నెలా నున్నగా తీరుస్తారు. శుక్రుడికని మనవాళ్లు వజ్రానికి బదులు పెట్టుకునే పాల రంగు రాయికీ అంగళ్లలో ‘ఫైర్ ఓపల్’ అనే చీటీయే తగిలిస్తారు. అడిగి కొనాలి.

కొనేటప్పుడు రాయిని దీపం ముందు తిప్పి, భూతద్దంతో చూడాలి. లోపల సాలెగూడులాంటి బీటలు కనిపిస్తే బేరం ఆడటం కూడా వృథా. గనిలోంచి వచ్చిన కొత్తలో కొన్ని రాళ్లు నీళ్లు కోల్పోయి బీటలిస్తాయి, కాబట్టి కోసి చాలాకాలమైన రాయి నయం. నారింజ గాజుముక్కను అంటగట్టేవాళ్లూ ఉన్నారు. ఓపల్ తేలిక, నీటికి రెండింతల బరువు మించి పెద్దగా ఉండదు. గాజు అంతకంటే బరువు, లోపల గుండ్రని బుడగలు కూడా బయటపడొచ్చు.

‘గట్టు గట్టి’: కఠినత్వం కొలబద్ద మీద దీనికి 5.5 నుంచి 6.5 మధ్య స్థానం. వీధి దుమ్ములో ఉండే క్వార్ట్జ్ ఇసుకకి 7. అంటే టేబుల్ మీద దుమ్ము ఉంగరం వేలితో తుడిస్తే రాయే ఓడిపోతుంది. నాలుగు పంజాలతో ఎత్తి పట్టే కట్టడం చూడ్డానికి అందం, అంచులన్నీ బయటే ఉంటాయి. చుట్టూ గట్టు లేపితే దెబ్బ బంగారం కాస్తుంది.

ఇక్కడ కవి చెప్పకుండా వదిలిన ప్రమాదం ఒకటుంది. ఉంగరం వదులైందని ఒక కొట్టుకి తీసుకెళ్తే, అక్కడి కుర్రాడు రాయి ఉండగానే కొలిమి గొట్టం చేతపట్టాడు. “వజ్రాలకి ఇలాగే మాటేస్తాం సార్” అన్నాడు. వజ్రం తట్టుకోవచ్చు. నీళ్లున్న రాయి తట్టుకోదు. రాయి తీసి, మాటు వేసి, చల్లారాక మళ్లీ పొదగాలి. అది ఒప్పించడానికి అరగంట పట్టింది, మజూరీ రెండింతలైంది.

శంక: పండగ ముందు నగలన్నీ కుంకుడు రసంలో వేసి మరిగించడం మన ఆచారం. దీన్ని కూడా వెయ్యవచ్చునా?

సమాధానం: కుంకుడుతో పేచీ లేదు, పేచీ మరగడంతో. గోరువెచ్చని నీళ్లు, సబ్బు చుక్క, మెత్తటి గుడ్డ చాలు. కొట్లో గుర్రుమనే కంపన యంత్రంలో వెయ్యనివ్వరాదు, ఆవిరి పట్టించరాదు. వజ్రాల గాజులతో ఒకే డబ్బాలో పడేస్తే ఉదయానికి గీతలు తేలతాయి, విడి సంచి కావాలి. ఇథియోపియా ఓపల్ అయితే మరీ సుకుమారం, వాటిలో చాలా రాళ్లు నీళ్లు పీల్చుకుంటాయి. నూనె, పసుపు కూడా పీల్చుకోగలవు. తలంటుకి ముందు తీసెయ్యాలి.

తాత్పర్యం

ఉంగరం తీసి పెసరట్లు వెయ్యి, అమ్మాయీ.

పాఠాంతరం

నాలుగో పాదంలో ‘మెడకు’ బదులు ‘చెవికి’ అని మా అమ్మాయి ప్రతిలో ఉంది. నలమే కాబట్టి ఛందస్సుకి లోటు లేదన్నది దాని వాదం. నలం కాదు నగణం, మూడు లఘువులు అని తాతగారు దిద్దారు. పైగా ఒక్క రాయి రెండు చెవులకి ఎలా వస్తుందన్నారు. అయితే ముక్కుపుడక చేయించమంది. ‘ముక్కుకు’ అంటే భగణం, ఆ చోట సూర్యగణం తప్ప ఇంకోటి పడదని ఆయన కాగితం తిరిగిచ్చేశారు. ‘కు’ ఒకటి ఎగరగొడితే సరిపోతుందిగా తాతయ్యా అని అది ఇంకా ఆయన వెంట తిరుగుతూనే ఉంది.