పెళ్ళికి పది రోజుల ముందు లేజర్: పక్కా పద్ధతి

మొటిమలు పోయి గుంటలు మిగిలినవాళ్ళంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. ముహూర్తం కుదిరి, శుభలేఖలు అచ్చుకు వెళ్ళాక అద్దంలో బుగ్గలు చూసుకుని దిగులుపడే అమ్మాయిలూ అబ్బాయిలూ ఎందరో. చర్మవైద్యుల దగ్గరకు వెళితే ఏం చెబుతారు? ముందు మొటిమలు పూర్తిగా అదుపులోకి రావాలంటారు. నెలకో నెలన్నరకో ఒకటి చొప్పున నాలుగైదు సిటింగులంటారు. చర్మం లోపల కొత్త కొలాజెన్ అల్లుకోవడానికి ఆపైన మూడు నుంచి ఆరు నెలలంటారు. ఇంతా చేస్తే గుంటలు పలచబడతాయి గానీ పూర్తిగా పూడవని ముందే చెప్పేస్తారు. ఉత్సాహం చంపే మాటలు. మీరు కింది పద్ధతి పట్టుకోండి. పది రోజులు చాలు, ఫలితం చాలాకాలం మొహం మీద నిలుస్తుంది.

1. మీకున్నవి ఏ రకం గుంటలో తెలుసుకోవద్దు.

సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా దిగేవి ఐస్‌పిక్ గుంటలు. అంచులు నిలువుగా తెగినట్టు ఉండేవి బాక్స్‌కార్. పల్లంగా, అలల్లా ఉండేవి రోలింగ్. ఐస్‌పిక్ గుంటలో టీసీఏ యాసిడ్ చుక్క వేస్తారు. రోలింగ్ గుంటకైతే చర్మం కింద సూది పోనిచ్చి, లోపలికి లాగుతున్న పీచును తెంపుతారు. లేజర్ వీటికి తోడుగా చేసేది. ఇదంతా వింటూ కూర్చుంటే ఒక పూట పోతుంది. అన్నిటినీ కలిపి "మచ్చలు" అనేయండి. మొటిమ మానాక మిగిలే చదునైన గోధుమరంగు మరక చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది, దాన్ని కూడా లెక్కలో రాయించండి. ప్యాకేజీ పెద్దదైతే ఈఎంఐ ఇప్పించడానికి వాళ్ళే వెంటపడతారు.

2. సోఫా చూసి క్లినిక్ ఎంచుకోండి.

ఎంబీబీఎస్ తర్వాత చర్మవ్యాధుల్లో ఎండీయో డిప్లొమానో చేసినవాళ్ళను వెతకడం పెద్ద తలనొప్పి. ఏసీ చల్లగా ఉందా, గ్రీన్ టీ ఇస్తున్నారా, మీ స్నేహితురాలికి ఇచ్చినదానికంటే ఎక్కువ తగ్గింపు ఇస్తున్నారా, ఈ మూడూ చాలు. ఏ యంత్రమో అడగొద్దు. గుంటలకు వాడే కార్బన్ డయాక్సైడ్ లేజర్ 10,600 నానోమీటర్ల దగ్గర, ఎర్బియం యాగ్ లేజర్ 2,940 దగ్గర పనిచేస్తాయి. రెండూ చర్మంలోని నీటిని వేడెక్కించి ఆవిరి చేస్తాయి. అవాంఛిత రోమాలు తీసే డయోడ్ లేజర్ గుంటలు పూడ్చడానికి కాదు, కానీ చవగ్గా వస్తుంది. "లేజర్ అంటే లేజరే కదా" అనండి. ఆ ఒక్క మాట మీకు వేలు మిగులుస్తుంది.

3. పవర్ పెంచమని పట్టుబట్టండి.

2004లో ఫ్రాక్షనల్ పద్ధతి వచ్చింది. మొహమంతా ఒలిచేయకుండా చుక్కలు చుక్కలుగా కాల్చి, మధ్యలో మంచి చర్మాన్ని వదిలేస్తారు. ఆ వదిలిన చర్మమే పక్కనున్న గాయాన్ని మాన్పుతుంది. మన దగ్గర ఇంకొంచెం జాగ్రత్త పడతారు, ఎందుకంటే చర్మాన్ని రకాలుగా విభజించే ఫిట్జ్‌పాట్రిక్ కొలమానంలో మనవాళ్ళలో చాలామంది 4, 5 రకాల కిందికి వస్తారు. ఈ చర్మానికి వేడి ఎక్కువైతే మెలనిన్ ఎగదన్ని నలుపు తేలుతుంది. అందుకని చుక్కలు దూరం దూరంగా వేసి, ముందు చెవి దగ్గర కాస్త పరీక్షించి చూస్తారు. మీరు దీన్ని ఒప్పుకోకండి. డబ్బంతా కట్టి మొహంలో సగం వదిలేయించుకోవడమేమిటి? "నొప్పి తట్టుకుంటాను, ఫుల్‌గా పెట్టండి, మళ్ళీ రాలేను" అని ధైర్యంగా చెప్పండి. యంత్రం గళ్ళు బుగ్గల మీద అచ్చంగా దిగుతాయి.

4. ఫారంలో అన్నిటికీ "లేదు" అని టిక్ పెట్టండి.

మొటిమలకు ఐసోట్రెటినాయిన్ గుళికలు వాడుతున్నారా? లేదు. వాడుతున్నామంటే, లోతుగా ఒలిచే లేజర్‌కు నెలల తరబడి ఆగమంటారు. భుజం మీద, ఛాతీ మీద గాయం మానాక గట్టిగా ఉబ్బి పెరిగిన కెలాయిడ్ ఉందా? లేదు, చొక్కా కింద ఎవరికి కనబడుతుంది! జ్వరం వచ్చినప్పుడు పెదవి పక్కన పొక్కులు లేస్తాయా? లేదు. అవునంటే హెర్పీస్ వైరస్ లేవకుండా ముందునుంచే ఎసైక్లోవిర్ లాంటి మాత్రలు వేసుకోమంటారు. దాచిపెడితే మాత్రల ఖర్చు మిగిలి, పెదవి పక్కన ఆగాల్సిన పొక్కులు కాలిన చర్మమంతా పాకుతాయి. పెన్ను తీసిన అర నిమిషంలో ఫారం పూర్తవ్వాలి.

5. మొటిమలు చీముతో ఉండగానే వెళ్ళండి. పాతవీ కొత్తవీ ఒకే ఖర్చులో అయిపోతాయి.

6. మర్నాడే శుభలేఖలు పంచడానికి బయలుదేరండి.

ఈ పద్ధతికి ఆయువుపట్టు ఇదే, కాబట్టి శ్రద్ధగా వినండి. లేజర్ తర్వాత కొన్ని వారాలు ఎండ తగలనివ్వొద్దని, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రెండు మూడు గంటలకోసారి రాయమని, టోపీయో గొడుగో ఉండాలని డాక్టర్లు చెబుతారు. మే నెల, విజయవాడ, మిట్టమధ్యాహ్నం, స్కూటీ: మీకు కావలసినవి ఇవి. రెంటచింతలలో మేనమామ ఉంటే ఇంకా మంచిది, ఆ కార్డు మీరే స్వయంగా ఇచ్చి రండి. చున్నీ కట్టుకోవద్దు, చెమట పోస్తుంది. హెల్మెట్ అద్దం పైకెత్తి పెట్టండి, గాలి ఆడుతుంది. సన్‌స్క్రీన్ మొహానికీ మెడకూ రెండు వేళ్ళ పొడవున తీయమంటారు. మీరు శనగగింజంత తీసి ముక్కు మీద రాయండి, ట్యూబు పెళ్ళయ్యాక కూడా మిగులుతుంది.

అమ్మ అడిగితే చెప్పడానికి సాకులు సిద్ధంగా ఉంచుకోండి. "జిడ్డుగా ఉంది." "రాశాను, చెమటకు కారిపోయింది." "డి విటమిన్ తక్కువని రిపోర్టులో వచ్చింది కదా." అబ్బాయిలకు ఇవేవీ అక్కర్లేదు, "మగాళ్ళు రాసుకుంటారా?" అంటే ఇంట్లో ఎవరూ మారు మాట్లాడరు.

నలుపు ఎండలోకి వెళ్ళిన రోజే కనబడకపోతే నిరాశపడకండి. అది తేలడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. పెళ్ళినాటికి ఎరుపు, పదహారు రోజుల పండుగనాటికి గోధుమ, ఆషాఢంలో పుట్టింటికి వచ్చేనాటికి ముదురు నలుపు.

7. పెచ్చులు గిల్లండి.

లేజర్ చుక్కల మీద సన్నటి పెచ్చు కట్టి, వారం అటూ ఇటూగా తానే రాలిపోతుంది. అంతవరకు వాసెలిన్ రాసి వదిలేయమంటారు. వారం ఆగేదెవరు? టీవీ చూస్తూ గోటితో ఒక్కొక్కటి లేపండి, గోళ్ళు కత్తిరించకుండా ఉంటే పట్టు దొరుకుతుంది. మిగిలినవి పెళ్ళికూతురిని చేసే రోజు నలుగుపిండితో రాలతాయి. పిన్ని చెయ్యి బరువైనది, ఆమెనే రుద్దమనండి. పసుపు మంటపుడితే "పనిచేస్తోంది" అని అందరికీ చెప్పండి. ఇంకా తృప్తి కలగకపోతే నిమ్మరసం రాసుకుని డాబా ఎక్కండి, బొబ్బలూ వస్తాయి, వాటి వెనక మరకలూ వస్తాయి. గిల్లిన ప్రతిచోటా పాత గుంట పక్కనే కొత్త గుంట పడే అవకాశం ఉంది.

8. నల్లబడగానే మెడికల్ షాపుకు వెళ్ళండి.

డాక్టరు దగ్గరకు తిరిగి వెళితే చీవాట్లు పడతాయి. షాపులో "తెల్లబడే క్రీం" అడగండి. బెటామెథాసోన్, క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ ఉన్నది పట్టుబట్టి తీసుకోండి. 2018లో కేంద్రం ఈ స్టెరాయిడ్ పూతమందులకు చీటీ తప్పనిసరి చేసింది. భయపడకండి, ఖాళీ ట్యూబు చూపించి "అక్కకు డాక్టరుగారు రాసిందే" అనండి. తొలిరోజుల్లో మొహం నున్నగా, తెల్లగా వెలుగుతుంది, ఆ వెలుగులో సెల్ఫీ తీసుకోండి. తర్వాత చర్మం పలచబడి ఎర్రటి నరాలు తేలతాయి, బుగ్గల మీద వెంట్రుకలు మొలుస్తాయి, పోయిన మొటిమలు తిరిగి వస్తాయి. మానేసిన రోజున మంట, ఎరుపు. అందుకే మానొద్దు, ఇంకో ట్యూబు కొనండి.

9. తప్పు ఎవరిదో ఇప్పుడే నిర్ణయించుకోండి.

లేజర్‌కు ముందు ఫొటో తీయించుకోకపోవడం మంచిది. అప్పుడు ఆ గుంటలన్నీ యంత్రమే చేసిందని చెప్పవచ్చు. మేకప్ ఆర్టిస్టును, నీళ్ళను, అత్తారింటి నూనెను వరుసగా వాడుకోండి. ఒకే కారణాన్ని ఒకే బంధువుకు రెండుసార్లు చెప్పకండి.

తర్వాత వేరే వీధిలో ఇంకో క్లినిక్‌కు వెళ్ళండి. అక్కడా ఫారం ఇస్తారు. "గతంలో లేజర్ చేయించుకున్నారా?" అన్నచోట "లేదు" అని రాయండి, కొత్తవాళ్ళకు మొదటి సిటింగు సగం ధరకే చేస్తారు.