నా నవలలో సుత్తి

దుండిగల్‌లో నవల రాయాలంటే తెల్లారకముందే లేవాలి. పొద్దెక్కితే ఎయిర్‌ఫోర్స్ అకాడమీ పిల్లలు విమానం నేర్చుకోవడం మొదలెడతారు. పోయిన విమానమే గుండ్రంగా తిరిగి మళ్ళీ మా డాబా మీదికొస్తుంది.

అలా తెల్లవారుజాముల్లో కూడబెట్టిందే నా మాయాలోకం. అందులో మన ఇంద్రుడు, గ్రీకుల జ్యూస్, ఉత్తర ఐరోపా వాళ్ళ థోర్ ఒకే సభలో కొలువుంటారు. స్నేహితుడొకడు చదివి ‘‘సుత్తి ఎక్కువైంది’’ అన్నాడు. థోర్ ఆయుధం గురించే అనుకుని రెండు యుద్ధాలు తగ్గించాను.

తర్వాత అమ్మకు వినిపించాను. చింతపండు గింజలు తీస్తూ విన్నది.

‘‘జ్యూస్ ఏందిరా, దేవుడా, బత్తాయా?’’

‘‘దేవుడేనమ్మా.’’

‘‘ముగ్గురికీ పిడుగేనంటివి. కరెంటు పోతే ఎవర్ని తిట్టాలె?’’

జవాబు వెతుక్కునేలోపే ఇంకోటి. ‘‘సచ్చినోడు ఏడికి పోతడు?’’

‘‘వీరుడైతే వల్హల్లాకు. అక్కడ రోజూ ఒకే అడవిపందిని వండుకు తింటారు. మర్నాటికి అది మళ్ళీ బతుకుతుంది.’’

‘‘మరి యముడు వట్టిగ కూసుంటడా? పిండం ముట్టనీకి కాకి వస్తదా, రాదా?’’

నేను మాయాబజార్‌ను అడ్డం పెట్టుకున్నాను. వ్యాసభారతంలో శశిరేఖ ఊసే లేదు, అభిమన్యుడు పెళ్ళాడింది ఉత్తరను. అయినా 1957లో కె.వి.రెడ్డి తీసి చూపిస్తే జనం వ్యాసుణ్ణే మరిచిపోయారు.

‘‘అది పెండ్లి సిన్మా రా. విడిదిల్లు, మర్యాదలు, అలకలు, అన్నీ మనింట్ల లెక్కనే. లడ్లు మింగుతుంటె రాక్షసుడు గూడ మనోడే అనిపిస్తడు.’’

ఇంతలో విమానం. దానికీ నా నవలకీ పెద్ద తేడా లేదు. 2013లో ఇక్కడికొచ్చిన ఈ స్విట్జర్లాండ్ పిలాటస్‌ది ఒక కొండ పేరు. ఆ కొండ మీద డ్రాగన్లున్నాయనీ, ఏసుకు శిలువ వేయించిన పిలాతు దయ్యం అక్కడి మడుగులో ఉందనీ ఆ ఊళ్ళవాళ్ళ పాత నమ్మకం. మన వాయుసేన నినాదమేమో భగవద్గీత పదకొండో అధ్యాయంలోది, సర్వేపల్లి రాధాకృష్ణన్ సూచించింది. డ్రాగన్ల కొండ విశ్వరూపం నీడన గిరికీలు కొడుతోంది, మా డాబా మీద ఆరేసిన వడియాలను కూడా కదపకుండా. నా సభలో మాత్రం మొదటి రోజే కుర్చీల కోసం కొట్లాట.

చప్పుడు తగ్గగానే అమ్మ అడిగింది. ‘‘ఇంతకీ నీ థోర్ ఏం తింటడు?’’

200 పేజీల్లో నేనెక్కడా రాయని సంగతి. వాళ్ళ పురాణంలో మాత్రం ఉంది. ‘‘తన బండి లాగే మేకల్నే కోసుకు తింటాడు. బొక్కలన్నీ తోలు మీద వేసి సుత్తి ఆడిస్తే పొద్దున్నే లేచి నిలబడతాయి. ఒకసారి ఒక పిల్లాడు నల్లి కోసం తొడబొక్క చీల్చాడు. ఆ మేక కుంటిదైపోయింది.’’

అమ్మ చింతపండు పక్కన పెట్టింది.

‘‘బోనాలప్పుడు యాట ధర ఎంతుంటదో ఎరికేనా? గా సుత్తె ఒక్కరోజు పోచమ్మ గుడికాడికి తెమ్మను.’’ మళ్ళీ తనే తల అడ్డంగా ఊపింది. ‘‘వద్దులే. మీ తాత నల్లిబొక్క ఇడిసేటోడా? ఊర్ల మేకలన్ని కుంటుతుండె.’’