రెండు మార్కుల అతిశయోక్తి

నరసరావుపేట పల్నాడు రోడ్డులో సాయంత్రం పూట తలెత్తి నడిస్తే చాలు, మన అలంకారశాస్త్రమంతా కళ్లబడుతుంది. తల దించితే గుంటలు కళ్లబడతాయి. ఫ్లెక్సీలు అంత ఎత్తున కట్టేది అందుకే కాబోలు.

మచ్చుకు ఒకటి చూడండి. నడుమ నాయకుడు, రెండు చేతులూ జోడించి. వెనక నోరు తెరిచిన పులి. పైన ‘పల్నాటి పులి’, దాని కింద ‘అభినవ బ్రహ్మనాయుడు’, ఆ కింద ‘బడుగుల పెన్నిధి’. అడుగున స్టాంపు సైజులో అభిమానుల తలకాయలు: నల్లకళ్లద్దాలవి కొన్ని, సెల్‌ఫోను చెవిన పెట్టుకున్నవి కొన్ని. మనిషి పులిలా ఉన్నాడంటే ఉపమ. మనిషే పులి అంటే రూపకం. పులే వచ్చి దణ్ణం పెట్టి ఓటడిగితే దాన్నేమంటారో మన లక్షణకర్తలెవరూ రాసిపోలేదు. యతిప్రాసల లెక్కలు తేల్చిన అప్పకవి ఈ పల్నాటి కామేపల్లి వాడే. ఆయన 17వ శతాబ్దంలోనే వెళ్లిపోయి బతికిపోయాడు.

ఆ ఫ్లెక్సీ నీడలోనే పదో తరగతి పిల్లాడొకడు ఆటో కోసం నిలబడి, అతిశయోక్తి లక్షణం వల్లె వేస్తుంటాడు: ఉన్నదాన్ని ఎక్కువ చేసి చెప్పడం. రెండు మార్కులు. ఉదాహరణ రాయమంటే ఆకాశాన్నంటే మేడలు రాస్తాడు, గైడులో ఉన్నాయి కనుక. నెత్తిమీద వేలాడుతున్నదాన్ని రాస్తే ఆ రెండు మార్కులూ పోతాయని వాడికి తెలుసు.

వాణ్ణి తీసుకెళ్లి చేర్పించబోయే కాలేజీ ప్రకటన ఇంకా గట్టిది. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని టీవీ ఊపిరాడకుండా అరుస్తుంది. పదం అదే, అర్థం అదే, తాత్పర్యం మాత్రం వేరైతే లాటానుప్రాస అంటారు. అదే కుర్రాడి ఫొటో, అదే ర్యాంకు, కింద కాలేజీ పేరు మాత్రం వేరు! ఇంత చక్కని ఉదాహరణ ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు.

మాటతో మనిషిని కదిలించడం ఈ సీమకు కొత్తేం కాదు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం కథ సగం కత్తులది, సగం మాటలది. కొడుకు యుద్ధం మాట మరిచిపోతాడన్న ఆశతో తల్లి ఐతాంబ బాలచంద్రుణ్ణి భార్య దగ్గరికి పంపితే, మాంచాల నాలుగు మాటలు చెప్పి కత్తితో సహా కార్యమపూడికి సాగనంపింది. అలరాజు సంధి మాటలు మూటగట్టుకుని గురజాల వెళితే విషం పెట్టారు. రాయబారి మాట బాగుంటే వినేవాళ్లకు అంత భయమన్నమాట. ఇక 1922లో మించాలపాడు కన్నెగంటి హనుమంతు పుల్లరి పన్ను కట్టనన్నప్పుడు అందులో ఏ అలంకారమూ లేదు, ఉన్నదున్నట్టు చెప్పాడు. స్వభావోక్తి. దానికి బదులు తుపాకీతో వచ్చింది.

మన ఆఫీసుల కళ వేరు. వాటి వాక్యంలో కర్త ఉండడు. ‘తగు చర్యలు తీసుకోబడును.’ ఎవరు తీసుకుంటారని అడగటానికి సందే లేదు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయింది, నరసరావుపేటకు కలెక్టరేటు వచ్చింది. కర్త మాత్రం ఇంకా బదిలీ మీద రాలేదు.

అన్నిటికంటే నాకు ఇష్టమైన కావ్యం మిరప విత్తనాల కరపత్రం. నున్నటి కాగితం. తెల్లచొక్కా వేసుకున్న రైతు ఎర్రటి కాయల గుట్ట మీద కూర్చుని నవ్వుతుంటాడు. ఎండలో కాయ కోసిన వాడెవడూ అంత తెల్లచొక్కా వేసుకోడు, అలా నవ్వడు. ఎకరాకు ఇన్ని క్వింటాళ్లని వేలెడు అక్షరాలు. అట్టడుగున, చీమల బారులాగా, నేలను బట్టి, వాతావరణాన్ని బట్టి, యాజమాన్య పద్ధతులను బట్టి దిగుబడి మారవచ్చునని ఇంకో వాక్యం. పై అక్షరాలు కవి రాశాడు, కింది అక్షరాలు వకీలు రాశాడు. రైతు కవిని నమ్మి అప్పు చేస్తాడు. బొబ్బర తెగులు వచ్చి పంట దెబ్బతిన్నాక అడగబోతే వకీలు ఎదురొస్తాడు.

ఇవన్నీ చదివి మాటల నేర్పంతా మోసమే అనుకునేరు. వినుకొండ జాషువా 1941లో ‘గబ్బిలం’ రాశాడు. కాళిదాసు మేఘాన్ని దూతగా పంపినచోట, గుడిలోకి రానివ్వని మనిషి చేత శివుడికి గబ్బిలంతో కబురు పంపించాడు. మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది. అదీ వ్యంగ్యమే, అదీ ఎత్తుగడే. ఆ ఎత్తుగడ ఏమిటో పూర్తిగా తెలిసిన తర్వాత కూడా చదివినవాడి గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ఫ్లెక్సీ ఎత్తుగడ తెలిస్తే నవ్వొస్తుంది, కరపత్రానిది తెలిస్తే కడుపు మండుతుంది. నా మటుకు నేను కవిత్వాన్నీ ప్రచారాన్నీ ఈ లెక్కనే వేరు చేస్తాను.

పదో తరగతి తెలుగు పేపరు తయారుచేసే అయ్యవార్లకు ఒక విన్నపం. ఈసారి పద్యపాదం బదులు ఆ మిరప కరపత్రాన్నే అచ్చేయండి, చిన్నక్షరాలు సహా. ఇందులో ఎక్కువ చేసి చెప్పిందేమిటి, దాచిపెట్టిందేమిటి, ఎవరి చేత ఏం చేయించడానికి అని అడగండి. రెండు మార్కులు చాలవు, ఎనిమిది ఇవ్వండి. రాసే పిల్లల్లో మిరప చేను ఉన్న ఇళ్లవాళ్లు చాలామందే ఉంటారు. విత్తనాలు కొనే రోజుకి వాళ్లు ఇంటి దగ్గరే ఉంటారు.